పొమ్మనకుండా పెట్టే పొగ

పనిచోట జరిగిన వేధింపు గురించి ఒక మహిళ నోరు విప్పబోతే ముందుగా వినబడే ప్రశ్న "ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?" అన్నది. ఇది నిజంగా జరిగిందా అన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. ఆ మాట అనేవాళ్లు చాలాసార్లు ఆమె మేలు కోరేవాళ్లే: పక్క సీటు స్నేహితురాలు, ఇంట్లో అమ్మ, ఇంటి అప్పు కిస్తీ లెక్క తెలిసిన భర్త. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకమ్మా అంటారు. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 2017లో ఇండియన్ నేషనల్ బార్ అసోసియేషన్ ఆరు వేల పైచిలుకు మందిని అడిగి చేసిన సర్వేలో, వేధింపు ఎదురైందన్నవాళ్లలో దాదాపు 70 శాతం మంది యాజమాన్యానికి ఫిర్యాదే చేయలేదని తేలింది. ఈ మౌనానికి సిగ్గు, పరువు, పెంపకం అని కారణాలు చెప్పుకోవడం మనకు అలవాటు. అవన్నీ ఉన్నాయి. వాటన్నిటికీ అడుగున నెలాఖరు జీతం ఉంది. మన చట్టం "జరిగిందా?" అన్న ప్రశ్నకు కమిటీని వేసింది, గడువు పెట్టింది, అప్పీలు ఇచ్చింది. "చెప్పిన తర్వాత ఆమె ఉద్యోగానికి ఏమైంది?" అన్న ప్రశ్నకు దాదాపు ఏమీ ఇవ్వలేదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. రెండోదానికి దాని సొంత నియమం, దాన్ని వినే అధికారి లేనంతకాలం ఎన్ని కమిటీలు వేసినా వాటి తలుపు తట్టేవాళ్లు కొద్దిమందే ఉంటారన్నది నా వాదన.

ఈ లోటు మొదటి నుంచీ లేదు. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేసిన భన్వరీ దేవి, భటేరీ గ్రామంలో ఒక పసిపిల్ల పెళ్లిని ఆపబోయింది. అది ఆమె ఉద్యోగ ధర్మం. 1992 సెప్టెంబర్‌లో తన మీద సామూహిక అత్యాచారం జరిగిందని ఆమె పెట్టిన కేసులో కింది కోర్టు 1995లో నిందితులను ఆ ఆరోపణ నుంచి విడిచిపెట్టింది. అంతకు ముందే ఆ ఘటన మీది ఆగ్రహంలోంచి మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న, పనిచోట లైంగిక వేధింపు మీద మార్గదర్శకాలిచ్చిన విశాఖ తీర్పు వచ్చింది. పేరు చూసి మన విశాఖపట్నం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, అది పిటిషన్ వేసిన సంఘాల్లో ఒకదాని పేరు. ఆ తీర్పులోని మార్గదర్శకాల్లో అంతగా ఎవరూ గుర్తుచేయని వాక్యం ఒకటుంది. ఫిర్యాదు నడుస్తున్నప్పుడు బాధితురాలి మీద గానీ సాక్షుల మీద గానీ కక్షసాధింపు, వివక్ష జరగకుండా యజమాని చూసుకోవాలని, అవతలి వ్యక్తిని బదిలీ చేయించాలా, తానే బదిలీ కోరుకోవాలా అన్న ఎంపిక ఆమెదేనని దాని సారం. పదహారేళ్ల తర్వాత, 2013లో పార్లమెంటు చేసిన చట్టం ఆ మార్గదర్శకాల కంటే ఎన్నో విషయాల్లో విస్తారమైనది. కక్షసాధింపును సూటిగా నిషేధించే ఆ మాట మాత్రం సెక్షన్లలోకి రాలేదు. కోర్టు ఇచ్చినదాన్ని చట్టం జారవిడిచింది.

చట్టంలో ఏమీ లేదనడం మాత్రం అన్యాయం అవుతుంది. విచారణ సాగుతుండగా బాధితురాలు రాతపూర్వకంగా కోరితే ఆమెనో ఎదుటి వ్యక్తినో బదిలీ చేయమని, ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆమె పనితీరు మీద ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారి నివేదిక రాయకుండా ఆపవచ్చు. ఇంకా, ప్రస్తుత ఉద్యోగం మీదో రేపటి ఉద్యోగం మీదో బెదిరింపు తోడైతే అది కూడా లైంగిక వేధింపు కిందికే వస్తుందని మూడో సెక్షన్ చెబుతోంది. ఈ సెక్షనే చాలదా అని న్యాయవాదులు కొందరు అడుగుతారు. చాలదు. ఆ సెక్షన్ వేధింపుతో ముడిపడిన బెదిరింపు గురించి మాట్లాడుతుంది, అంటే "ఒప్పుకోకపోతే నీ ఉద్యోగం ఉండదు" అనే మాట గురించి. ఫిర్యాదు అందాక జరిగేది వేరు. అప్పుడు ఉత్తర్వు మీద సంతకం చేసేది చాలాసార్లు ఆ అధికారి కాదు. ఆమెను ఎన్నడూ చూడని మానవ వనరుల విభాగం ఉద్యోగి కావచ్చు, పై ఊళ్లోని డివిజన్ అధిపతి కావచ్చు. అతను ఆమెను ఏ విధంగానూ వేధించలేదు. ఒక కాగితం కదిపాడంతే. ఆ కాగితాన్ని ప్రశ్నించే చోటు ఈ చట్టంలో లేదు.

పొమ్మనలేక పొగబెట్టడం అని మనకొక మాట ఉంది. ఈ విషయానికి అంతకంటే కచ్చితమైన మాట ఏ న్యాయశాస్త్ర గ్రంథంలోనూ దొరకదేమో. ఫిర్యాదు చేసిన మర్నాడే తొలగింపు ఉత్తర్వు చేతిలో పెట్టేంత తెలివితక్కువ సంస్థలు తక్కువ. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పొగ ఎలా లేస్తుందో అక్కడ పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ముందు మీటింగుల పిలుపులు ఆగిపోతాయి. ప్రాజెక్టు నుంచి తప్పించి బెంచ్ మీద కూర్చోబెడతారు. బెంచ్ మీద ఉన్నవాళ్లకు చూపించుకోవడానికి పని ఉండదు కాబట్టి ఏడాది చివర రేటింగ్ దానంతటదే పడిపోతుంది. పడిన రేటింగ్‌ను చూపించి 'పిప్'లో, అంటే పనితీరు మెరుగుపరచుకోమనే గడువులో పెడతారు. ఆ గడువు ముగిశాక ఒక గదిలోకి పిలిచి, మీరే రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, లేదంటే టెర్మినేషన్ అని రాయాల్సి వస్తుంది అంటారు. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ ఒక్క పదం ఏం చేస్తుందో తెలిసిన మనిషి రాజీనామా మీదే సంతకం పెడుతుంది. ఇప్పుడు కాగితాల మీద ఏముంది? తొలగింపు లేదు, ప్రతీకారం లేదు, సొంత కారణాలతో వెళ్లిపోయిన ఒక ఉద్యోగిని ఉంది. ఒక్కో మెట్టు విడిగా చూస్తే మామూలు పరిపాలనా నిర్ణయమే. మెట్లన్నిటినీ ఫిర్యాదు తేదీ పక్కన పెట్టి వరసగా చూస్తే తప్ప పొగ కనబడదు. అలా వరసగా చూసే బాధ్యత మన చట్టం ఎవరికీ అప్పగించలేదు. అవతలి వ్యక్తి ఆమె గురించి నివేదిక రాయకుండా ఆపే నిబంధన కూడా విచారణ సాగినంతకాలమే పనికొస్తుంది. విచారణకు పెట్టిన గడువు 90 రోజులు. పొగకు గడువు లేదు.

ఒక్కసారైనా అలా వరసగా చూస్తే ఏం కనబడుతుందో పంజాబ్ అండ్ సింద్ బ్యాంకు కేసు చెబుతుంది. ఇండోర్‌లో చీఫ్ మేనేజర్ హోదాలో ఉన్న ఒక అధికారిణి మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో అక్రమాలున్నాయని పై అధికారులకు రాసింది. జోనల్ మేనేజర్ తనను లైంగికంగా వేధించాడని కూడా ఫిర్యాదు చేసింది. 2017 డిసెంబర్‌లో ఆమెను జబల్‌పూర్ జిల్లాలోని సర్సావా శాఖకు బదిలీ చేశారు. ఆమెది నాలుగో స్కేలు. ఆ శాఖ మొదటి స్కేలు అధికారి నడపాల్సినది. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ సహజం, ఎవరినైనా ఎక్కడికైనా పంపవచ్చు అన్నది బ్యాంకు సమాధానం. ఆ ఒక్క ఉత్తర్వునే చూస్తే అది నిజమే. సుప్రీంకోర్టు మాత్రం ఆమె రాసిన ఉత్తరాలను, ఫిర్యాదును, బదిలీని, కొత్త శాఖ స్థాయిని పక్కపక్కన పెట్టి చూసింది. బ్యాంకు వేసిన అంతర్గత కమిటీలోని బయటి సభ్యుడికి ఆ బ్యాంకుతోనే వృత్తి సంబంధం ఉందన్న అభ్యంతరాన్నీ పట్టించుకుంది. 2020 ఫిబ్రవరి 25న ఇచ్చిన తీర్పులో బదిలీని ప్రతీకార చర్యగా తేల్చి, ఆమెను తిరిగి ఇండోర్‌లో నియమించమని, 50,000 రూపాయల ఖర్చులు చెల్లించమని ఆదేశించింది. మంచి తీర్పు. కానీ ఆ తీర్పు చేతికి రావడానికి ఏమేం కావలసి వచ్చిందో లెక్కపెట్టుకోండి. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆమెది శాశ్వత ఉద్యోగం కాబట్టి హైకోర్టులో రిట్ వేయగలిగింది. రెండేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నా ఉద్యోగం ఊడలేదు. ప్రైవేటు సంస్థలో అదే స్థాయి మేనేజర్‌కు ఆ దారే లేదు.

ఎందుకు లేదో చెప్పుకోవాలి, ఎందుకంటే "అన్యాయంగా తీసేస్తే కోర్టుకు వెళ్లొచ్చుగా" అన్న మాట తరచూ వింటాం. పారిశ్రామిక వివాదాల చట్టం కక్షతో తొలగించడాన్ని అనుచిత కార్మిక విధానం అంది. ఆ రక్షణ 'వర్క్‌మన్' అనే నిర్వచనంలో పట్టేవాళ్లకే. మేనేజర్లు అందులోకి రారు. సూపర్‌వైజర్లలో కొంత జీతం దాటినవాళ్లూ రారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలో ఆ గీత నెలకు 18,000 రూపాయల దగ్గర ఉంది. దానికి పైనున్న సూపర్‌వైజర్‌కు, మేనేజర్‌కు మిగిలేది సివిల్ కోర్టు. వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించలేమన్న సూత్రం వల్ల అక్కడ సాధారణంగా దక్కేది నష్టపరిహారమే గానీ ఉద్యోగం కాదు. ఆ పరిహారం కూడా నోటీసు కాలపు జీతం చుట్టూ తిరుగుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో కాస్త మెరుగైన నియమం ఉంది. ఆరు నెలలకు తక్కువ కాకుండా పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు లేకుండా తీసేయకూడదు. తీసేస్తే అప్పీలు వినడానికి కార్మిక శాఖ అధికారి ఉంటాడు. ఈ అధికారి గురించి మళ్లీ మాట్లాడతాను.

ఇంకా కిందికి దిగితే 'తొలగింపు' అన్న మాటకే అర్థం పోతుంది. ఆసుపత్రిలో, మున్సిపాలిటీలో, ప్రభుత్వ కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే మనిషిని ఎవరూ తొలగించరు. ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి రేపటి నుంచి రావొద్దంటాడు. కాంట్రాక్టు లెక్చరర్ విషయంలో ఆ పాటి ఫోను కూడా అక్కర్లేదు, జూన్‌లో రెన్యువల్ ఆగిపోతుంది అంతే. 2013 చట్టం 'ఉద్యోగి' నిర్వచనంలోకి కాంట్రాక్టు, తాత్కాలిక, ఏజెన్సీ ద్వారా వచ్చిన మనుషులందరినీ, శిక్షణలో ఉన్నవాళ్లను కూడా చేర్చింది. అది గొప్ప విషయం. అయితే ఫిర్యాదు హక్కు ఇచ్చినంత ఉదారంగా రేపు పనిలో ఉండే హక్కు ఇవ్వలేదు. ఇళ్లలో పనిచేసేవాళ్ల సంగతి మరీ విచిత్రం. వాళ్ల ఫిర్యాదులో ప్రాథమికంగా బలం ఉందనిపిస్తే జిల్లా స్థానిక కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకు పంపించాలి. అంటే ఒక పనిమనిషి ఫిర్యాదు చేస్తే అది పోలీసు కేసు అవుతుంది, ఆ ఇంట్లో ఆ పూటతో పని అయిపోతుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకైతే యజమానే వీసా స్పాన్సర్. చెప్పకుండా ఆ ఇల్లు దాటితే 'పారిపోయిన మనిషి' అన్న కేసు. అక్కడ ఉద్యోగం పోవడం, దేశంలో ఉండే హక్కు పోవడం ఒకటే.

సినిమా రంగం ఈ మొత్తం ప్రశ్నను భూతద్దంలో చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ కక్ష తీర్చుకోవడానికి చేయాల్సిందల్లా పిలవకపోవడమే. 2018 ఏప్రిల్‌లో ఒక నటి హైదరాబాద్ ఫిల్మ్ చాంబర్ ముందు నిరసన తెలిపినప్పుడు నటీనటుల సంఘం నుంచి వచ్చిన మొదటి స్పందన, ఆమెకు సభ్యత్వం ఇవ్వబోమని, తమ సభ్యులు ఆమెతో నటించరని. కొద్ది రోజుల్లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. నిరసన తెలిపిన పద్ధతి మీద ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండవచ్చు. ఒక ఆరోపణకు ఒక రంగం మొదటి సమాధానంగా పని నిషేధాన్ని ఎంచుకుందన్నది మాత్రం రికార్డులో ఉంది. అదే ఏడాది అక్టోబర్‌లో, తెలుగు ప్రేక్షకులకు గొంతుగా బాగా తెలిసిన గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి శ్రీపాద తమిళ రంగంలోని ఒక ప్రముఖుడి మీద ఆరోపణ చేశారు. నవంబర్‌లో తమిళనాడు డబ్బింగ్ కళాకారుల సంఘం ఆమె సభ్యత్వం రద్దయిందని చెప్పింది. చూపిన కారణం చందా బాకీ. ఆ సంఘ సభ్యత్వం లేనిదే తమిళంలో డబ్బింగ్ చెప్పడం కష్టం. బాకీ నిజమా కాదా అన్న వివాదం కోర్టుకెక్కింది. నాకు ముఖ్యమైనది కారణం ఆకారం: ఫిర్యాదుతో ఏ సంబంధమూ లేనట్టుండే చిన్న లెక్కల వ్యవహారం, ఫిర్యాదు వచ్చిన మరుసటి నెలలోనే బయటపడటం. కేరళలో 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబర్ 31న నివేదిక ఇస్తే, అది జనం చేతికి వచ్చింది 2024 ఆగస్టు 19న. నోరు విప్పితే అవకాశాలు పోతాయన్న భయం ఆ నివేదిక పొడుగునా ఉంది. తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వం వేయించిన ఇటువంటి అధ్యయన నివేదికను బయటపెట్టమని నటి సమంత ఆ నెలలోనే అడగాల్సి వచ్చింది.

రెండు ప్రశ్నలూ వేర్వేరు అనడానికి ఇంతవరకు దేశం చూసిన అత్యంత గంభీరమైన ఉదాహరణ సుప్రీంకోర్టు లోపలిదే. 2018 డిసెంబర్‌లో ఉద్యోగం నుంచి తీసేసిన ఒక జూనియర్ కోర్టు అసిస్టెంట్, 2019 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి మీద లైంగిక వేధింపు ఆరోపణతో న్యాయమూర్తులకు అఫిడవిట్ పంపింది. తాను ఒప్పుకోనందుకే వరస బదిలీలు, తొలగింపు జరిగాయని ఆమె వాదన. ముగ్గురు న్యాయమూర్తుల అంతర్గత కమిటీ మే 6న ఆరోపణల్లో పస లేదని తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి వాటిని మొదటి నుంచీ ఖండించారు. 2020 జనవరిలో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆ ఆరోపణల నిజానిజాలు ఇక్కడ తేల్చే హక్కు నాకు లేదు. కానీ ఒక సంస్థ మొదటి ప్రశ్నకు "లేదు" అన్నాక కూడా ఆ ఉద్యోగం విషయంలో వేరే సమాధానం సాధ్యమైంది. వేధింపు రుజువు కాకపోతే ఉద్యోగం తీసేయడం దానంతటదే సక్రమం అయిపోదు. ఈ సంగతి నియమంగా రాసి ఉంటే ఎవరి దయ మీదా ఆధారపడాల్సిన పని ఉండదు.

అమెరికాలో దీన్ని నియమంగా రాశారు. 1964 నాటి పౌరహక్కుల చట్టంలో వివక్ష ఒక ఆరోపణ, ఫిర్యాదు చేసినందుకు కక్షసాధింపు ఇంకొకటి. మనస్ఫూర్తిగా నమ్మి చేసిన ఫిర్యాదు చివరికి నిలబడకపోయినా రెండోది నిలబడవచ్చు. 2006లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చిన బర్లింగ్టన్ నార్తర్న్ కేసు ఈ విషయంలో ఒక పాఠ్యపుస్తకం లాంటిది. రైల్వే యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒక మహిళ సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు చేసింది. కంపెనీ అతన్ని పది రోజులు సస్పెండ్ చేసింది కూడా. ఫిర్యాదులో గెలిచింది కదా అనుకుంటాం. ఆ వెంటనే ఆమెను ఫోర్క్‌లిఫ్ట్ నుంచి తప్పించి పట్టాల మీద మోటు పనికి వేశారు. ఆ తర్వాత 37 రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేశారు. చివరికి ఆ జీతం వెనక్కి ఇచ్చారు. నష్టమేముంది అంది కంపెనీ. ఒక నెల జీతం లేకుండా ఇల్లు గడపడమే నష్టం అంది కోర్టు. మామూలు ఉద్యోగిని ఫిర్యాదుకు వెనకాడేలా చేయగల చర్య ఏదైనా కక్షసాధింపేనని కొలబద్ద పెట్టింది. తొలగింపు దాకా పోనక్కర్లేదు, పొగ చాలు. అక్కడి సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు 2020 ఆర్థిక సంవత్సరంలో అందిన ఫిర్యాదుల్లో 55.8 శాతం కక్షసాధింపు ఆరోపణ ఉన్నవే. అవన్నీ రుజువైనవి కావు, వేధింపుకు సంబంధించినవే కూడా కావు. అయితే రెండో ప్రశ్న అడిగే చోటంటూ ఉంటే సగానికి పైగా జనం దానికే సమాధానం పట్టుకొస్తారని ఆ అంకె చెబుతోంది. అక్కడి మనవాళ్లకు మరో ముడి ఉంది. హెచ్-1బీ మీద ఉన్న తెలుగు ఇంజినీరుకు ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. చట్టం ఆమెకూ వర్తిస్తుంది గానీ, కేసు నెలల తరబడి సాగుతుంది, వీసా రెండు నెలల్లో అయిపోతుంది.

అయితే మనకు కావలసిన సాధనం కోసం సముద్రాలు దాటి వెళ్లనక్కర్లేదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 33వ సెక్షన్ ఉండేది, అదే సూత్రం కొత్త స్మృతిలోనూ కొనసాగింది. ఒక వివాదం అధికారి ముందు నడుస్తున్నప్పుడు, దానికి సంబంధించిన కార్మికుల సర్వీసు షరతులను యజమాని ఏకపక్షంగా మార్చకూడదు. ఆ వివాదంతో ముడిపడిన తప్పుకు శిక్షించాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. దానితో సంబంధం లేని తప్పుకు తొలగించాలంటే నెల జీతం ఇచ్చి, చేసిన చర్యకు ఆమోదం కోరాలి. ఆమోదం లేని తొలగింపు చెల్లనే చెల్లదని 2002లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జైపూర్ సహకార బ్యాంకు కేసులో తేల్చిచెప్పింది. సమ్మె చేసే కార్మికుడు యజమానితో తగాదాలో ఉన్నంతకాలం అతని అన్నం యజమాని చేతిలోనే ఉంటుందని ఆనాటి శాసనకర్తలు గ్రహించారు. వేధింపు ఫిర్యాదు చేసిన మహిళ స్థితి దానికి ఏ విధంగా భిన్నం? ఫిర్యాదు అందిన రోజు నుంచి విచారణ ముగిసి మరో ఏడాది గడిచేదాకా ఆమెను, ఆమె తరఫు సాక్షులను తొలగించాలన్నా, బదిలీ చేయాలన్నా, హోదా తగ్గించాలన్నా, కాంట్రాక్టు రెన్యువల్ ఆపాలన్నా బయటి అధికారి ఆమోదం ఉండాలన్న ఒక్క సెక్షన్ చాలు. ఆ చర్యకు కారణం ఫిర్యాదు కాదని చూపించే బాధ్యత యజమానిది. రేటింగులు, మెయిళ్లు, బదిలీ ఫైళ్లు అన్నీ అతని బీరువాలోనే ఉంటాయి. ఆమె దగ్గర ఉండేది తారీఖులు మాత్రమే.

పని చేతకానివాళ్లు రేటింగ్ పడిపోబోతుందని తెలిసి ముందుగానే ఒక ఫిర్యాదు పడేసి దాన్ని కవచంగా వాడుకుంటారని ఒక అభ్యంతరం వస్తుంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఏ రక్షణనైనా దుర్వినియోగం చేసేవాళ్లు ఉంటారు. కానీ ఇక్కడ అడుగుతున్నది తొలగించకూడదని కాదు, తొలగించే ముందు కారణం చూపించమని. నిజంగా పనితీరు బాగాలేని ఉద్యోగిని విషయంలో ఫిర్యాదుకు ముందు నాటి కాగితాలు ఉంటాయి, వాటిని చూపిస్తే ఆమోదం వస్తుంది. ఫిర్యాదుకు ముందు మూడేళ్లు మంచి రేటింగులు ఉండి, తర్వాతి ఆరు నెలల్లో అన్నీ పడిపోతే ఇబ్బంది పడాల్సింది యజమానే. తప్పుడు ఫిర్యాదుల సంగతికొస్తే, దురుద్దేశంతో చేసిన ఫిర్యాదు మీద చర్యకు 14వ సెక్షన్ ఇప్పటికే వీలిచ్చింది, రుజువు చేయలేకపోవడాన్ని మాత్రం దురుద్దేశంగా చూడకూడదని కూడా అక్కడే చెప్పింది. అబద్ధం చెప్పినవాళ్లను శిక్షించే సెక్షన్ చట్టంలో ఉండి, నిజం చెప్పినందుకు శిక్షించినవాళ్ల మీద సెక్షన్ లేకపోవడం నాకు కొరుకుడుపడని విషయం. నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్న సూత్రానికి ఇది విరుద్ధమని అనేవాళ్లకూ ఒక మాట. ఇక్కడ నిలదీస్తున్నది వేధించాడన్న ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషిని కాదు. తన నిర్ణయానికి కారణం చెప్పమని యజమానిని అడుగుతున్నాం. ప్రసూతి సెలవులో ఉన్న మహిళను ఆ కాలంలో తొలగించడం చెల్లదని 1961 నాటి చట్టం ఎప్పుడో అంది. దాని వల్ల పరిశ్రమలేవీ మూతపడలేదు.

ఎవరి ఆమోదం అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. అంతర్గత కమిటీకి ఈ పని అప్పగించలేం. దాని సభ్యుల్లో ఎక్కువమంది అదే సంస్థ జీతగాళ్లు, కాబట్టి ఫిర్యాదుదారుకు ఉన్న భయమే వాళ్లకూ ఉంది. ప్రైవేటు సంస్థల కమిటీ సభ్యులకు ఉద్యోగ రక్షణ కావాలన్న పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జిల్లా స్థానిక కమిటీలు చాలాచోట్ల కాగితం మీదే ఉన్నాయి. 2023 మే నెలలో ఆరేలియానో ఫెర్నాండెజ్ కేసులో ఈ దుస్థితిని ఎత్తిచూపిన సుప్రీంకోర్టు, 2024 డిసెంబర్ 3న మళ్లీ ప్రతి జిల్లాలో అధికారిని నియమించమని, 2025 జనవరి 31లోగా స్థానిక కమిటీలు వేయమని గడువులు పెట్టాల్సి వచ్చింది. చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి పదకొండేళ్లు. అందుకే మన రాష్ట్రాల వరకు, పైన చెప్పిన దుకాణాలు, సంస్థల చట్టం కింద తొలగింపు అప్పీళ్లు వినే కార్మిక శాఖ అధికారి నాకు ఎక్కువ పనికొచ్చే మనిషిగా కనబడతాడు. తొలగింపుకు సరైన కారణం ఉందా లేదా అన్నది చూడటం ఆయన రోజువారీ పని. వేధింపు జరిగిందా అన్నదాంట్లోకి ఆయన వెళ్లనక్కర్లేదు, తారీఖులూ కాగితాలూ చూస్తే చాలు. ఐటీ సంస్థలకు ఆ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఉత్తర్వు వెంట ఉత్తర్వుగా ఇస్తూ వచ్చారు. పని వేళలకు మినహాయింపు ఇస్తే ఇచ్చుకోండి, ఫిర్యాదుదారు ఉద్యోగ రక్షణకు మాత్రం ఏ ఉత్తర్వూ అడ్డురాకూడదు. చిన్న సంస్థలకు భారమన్న అభ్యంతరం ఉంది. పది మంది ఉన్న కొట్లో ఫిర్యాదుదారు, ఎదుటి మనిషి రోజంతా ఎదురెదురుగా ఉండాల్సి వస్తుందన్నది నిజమే. అక్కడ తిరిగి ఉద్యోగం కంటే ఏడాది జీతం మెరుగైన న్యాయం కావచ్చు, అదీ ఆమె ఒప్పుకుంటేనే.

చట్టం మారేలోగా చేయగలిగినది కూడా ఒకటుంది. 2013 చట్టం కింద సంస్థలు ఏటా జిల్లా అధికారికి నివేదిక పంపాలి: ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి, 90 రోజులు దాటి ఎన్ని పెండింగులో ఉన్నాయి, ఏ చర్య తీసుకున్నారు. 2025 జూలై నుంచి కంపెనీలు తమ డైరెక్టర్ల నివేదికలో కూడా వచ్చినవి, తేలినవి, 90 రోజులు దాటినవి అన్న మూడు అంకెలు చూపించాలి. ఈ గళ్లన్నీ ఫిర్యాదు గురించే, ఫిర్యాదు చేసిన మనిషి గురించి ఒక్కటీ లేదు. ఒకే ఒక ఫిర్యాదు వచ్చిన సంస్థలో ఆమె ఎవరో బయటపడే ప్రమాదం ఉంది కాబట్టి వాటాదారులు చదివే నివేదికలో ఈ వివరం పెట్టకూడదు. జిల్లా అధికారికి వెళ్లే నివేదికలో, గోప్యంగా, ఇంకో గడి గీయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిబంధన సవరిస్తే సరిపోతుంది: నిరుడు ఫిర్యాదు చేసినవాళ్లలో ఈ ఏడాది అదే సంస్థలో ఎంతమంది ఉన్నారు, ఉన్నవాళ్లు అదే హోదాలో ఉన్నారా, వెళ్లిపోయినవాళ్ల ఫైలులో రాజీనామా అని ఉందా, టెర్మినేషన్ అని ఉందా, ఆ కాగితం మీద తేదీ ఏమిటి.